ఉద్దానం రక్తం ఎన్ని కంప్యూటర్లలో ఉంది?

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. మా ఉద్దానం ప్రాంతం అంటే మీకు కొత్తగా చెప్పక్కర్లేదు, కొబ్బరి, జీడి, పనస, ఆ తర్వాత కిడ్నీ జబ్బు. మొన్న ఆదివారం మా వీధిలోకి మళ్ళీ ఒక టీమ్ వచ్చింది, చేతుల్లో ట్యాబ్‌లు, భుజానికి ఐస్ బాక్సు, రక్తం ఇస్తారా, మూత్రం ఇస్తారా, ఏ నీళ్ళు తాగుతారు, పొలంలో ఎన్ని గంటలు పని చేస్తారు, అవే ప్రశ్నలు. మా అమ్మ గుమ్మంలోనే నిలబడి "మల్లీ రగతమా బాబూ, పోయినసారి తీసినదేటయిందో ఇప్పటికీ సెప్పనేదు" అంది. ఆ పిల్లలు పాపం ఏం చెప్తారు, పోయినసారి వచ్చింది ఎవరో కూడా వాళ్ళకి తెలీదు. వాళ్ళది వేరే సంస్థ, వీళ్ళది వేరే సంస్థ. ఈ ఉత్తరం ఆ "వేరే" గురించే.

మా నాన్న డయాలసిస్ మీద మూడేళ్ళు ఉండి 2021లో పోయారు. ఆయన బతికుండగా మా ఇంట్లో ఎన్నిసార్లు శాంపిల్స్ తీశారో నేను లెక్క పెట్టాను, ఏడుసార్లు. ఏడింటిలో రిజల్ట్ కాగితం చేతికొచ్చింది రెండుసార్లే. ఒకదాంట్లో క్రియాటినిన్, అంటే కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం రక్తంలో ఎంతుందో చెప్పే అంకె, 1.3, నెల తిరక్కుండా ఇంకో చోట చేయిస్తే 1.5. చదువుకున్నోడినే గానీ అప్పుడు నాకేం తెలుసు, రెండు పాయింట్ల తేడానే కదా అనుకున్నా. తర్వాత ఒక డాక్టర్ గారు కూర్చోబెట్టి చెప్పారు, యాభై ఏళ్ళ మగమనిషికి 1.3 అయితే కిడ్నీ ఫరవాలేదన్నట్టే, 1.5 అయితే జీఎఫ్ఆర్, అంటే కిడ్నీ రక్తాన్ని వడకట్టే వేగం, 60 కిందకి పోయినట్టు, అంటే జబ్బు లెక్కలోకి వచ్చేసినట్టు, అయితే ల్యాబ్‌కీ ల్యాబ్‌కీ పరీక్ష చేసే పద్ధతి వేరు, మెషిన్లన్నీ ఒకే స్టాండర్డ్‌కి సరిచేసి ఉండకపోతే ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదట. మరి ఇరవై ఏళ్ళుగా తలా ఒక ల్యాబ్‌లో చేయించిన మా ఊరోళ్ళ అంకెలన్నీ ఇప్పుడు ఎవరు ఎలా కలుపుతారండీ?

పరిశోధనలే దండగ అనడం లేదు, అది వేరే మాట. విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో పనిచేసిన రవిరాజు గారి లాంటి డాక్టర్లు పట్టుకుని బయటికి చెప్పకపోతే మా గోడు విశాఖ దాకా కూడా వెళ్ళేది కాదు. 2017లో పవన్ కళ్యాణ్ గారు హార్వర్డ్ డాక్టర్లని విశాఖకి రప్పించారు. 2019లో అచ్చయిన ఒక స్టడీలో 2,210 మందిని పరీక్షిస్తే 18 శాతం పైనే కిడ్నీ జబ్బు తేలింది, ఇంచుమించు ఐదుగురిలో ఒకరు. మా వీధి లెక్కేసుకున్నా అంతే వస్తుంది, దానికి స్టడీ అక్కర్లేదు. కారణం మాత్రం ఇంకా తేలలేదు, నీళ్ళా, సిలికానా, పురుగుమందా, ఎండలో పనా, నొప్పి మాత్రలా, జన్యువులా, లేక అన్నీ కలిసా.

కలిపి చూస్తే ఏమవుతుందో చెప్పడానికి మా దగ్గరి ఉదాహరణే ఒకటి ఉంది. అదే 2019లో కొంతమంది పరిశోధకులు కొత్తగా ఎవరి రక్తమూ తియ్యకుండా, షుగరూ గుండె జబ్బుల కోసం అంతకు ముందే చేసిన మూడు సర్వేల డేటా ఒకచోట చేర్చి మళ్ళీ చదివారు, షుగరు, బీపీ లేని 12,500 మందివి. షుగరు, బీపీ లాంటి తెలిసిన కారణాలు లేకుండా కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళు మొత్తమ్మీద 1.6 శాతం అయితే, దక్షిణాది పల్లెల్లో 4.8 శాతం. ఆ దక్షిణాది పల్లెలు ఎక్కడివో కాదు, మన విశాఖ జిల్లావి. అంటే ఉద్దానంలోనే ఉందనుకున్నది కిందకి కూడా పాకి ఉందేమో అనే అనుమానం పాత కాగితాల్లోంచే బయటపడింది, ఆ మూడు సర్వేల డేటా ఎవరిది వాళ్ళు బీరువాలో పెట్టి తాళం వేసుకుంటే వచ్చేది కాదు. అంతకు ముందు కూడా మన దేశపు కిడ్నీ డాక్టర్లు 2005 నుంచి రిజిస్ట్రీ అని పెట్టుకుని ఎవరి ఆసుపత్రి కేసులు వాళ్ళు రాసి పంపితే 52,273 మంది వివరాలు పోగయ్యాయి, అందులో 16 శాతం మందికి జబ్బు ఎందుకొచ్చిందో తెలీదని తేలింది. శ్రీలంకలోనూ, అటు నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు పొలాల్లోనూ ఇదే రకం జబ్బు ఉంది కాబట్టి అన్ని దేశాలూ ఒకే ప్రశ్నాపత్రం, ఒకే కొలత వాడాలని డిగ్రీ అనే పేరుతో ఒక పద్ధతి కూడా పెట్టుకున్నారు. నికరాగువా అంకెనీ మన అంకెనీ పోల్చే దారి దొరికింది గానీ, మా ఊళ్ళో పోయినేడు తీసిన అంకెనీ ఈ ఏడు తీసిన అంకెనీ పోల్చే దారి మాకు లేదు.

ఇప్పుడు మా ఒక్క మండలం గురించి ఎవరి దగ్గర ఏముందో చూడండి. డయాలసిస్ సెంటర్లో వారానికి ఎవరు ఎన్నిసార్లు వచ్చారో ఉంది. వైద్య సేవ ట్రస్టు దగ్గర బిల్లులున్నాయి. సచివాలయంలో పదివేల పెన్షన్ లిస్టు ఉంది. పీహెచ్‌సీలో ఏఎన్ఎం గారు ఇంటింటికీ తిరిగి రాసిన బీపీ, షుగరు ఉన్నాయి. ఆర్‌డబ్ల్యూఎస్ (పల్లెల నీళ్ళ సరఫరా శాఖ) వాళ్ళ దగ్గర ఏ బోరు నీళ్ళలో ఏముందో ఉంది, హిరమండలం నుంచి 700 కోట్ల పైపులైను వచ్చాక ఏ ఊరు ఎప్పుడు బోరు నీళ్ళు మానేసిందో కూడా వాళ్ళకే తెలుసు. ఈ చివరిదాన్ని మొదటిదానితో కలిపితేనే కదండీ నీళ్ళు మారాక కొత్త కేసులు తగ్గాయా లేదా అన్నది తేలేది! ఇక ఇచ్ఛాపురం వైపోళ్ళు సగం మంది బరంపురం పోతారు, ఆ కాగితాలు ఒడిశాలో ఉండిపోతాయి. సూరత్, ముంబై, అండమాన్ వలసెళ్ళిన కుర్రాళ్ళకి అక్కడ తేలితే ఆ లెక్క అసలు ఉద్దానం ఖాతాలోకే రాదు.

దీనికి ఆభా, అంటే ఆరోగ్య రికార్డుల కోసం కేంద్రం ఇచ్చే నంబరు, ఉంది కదా అంటారు. నిజమే, 2021 సెప్టెంబర్ నుంచి దేశమంతా మొదలైంది, 14 అంకెల నంబరు, రికార్డు ఎక్కడ పుట్టిందో ఆ ఆసుపత్రిలోనే ఉంటుంది, మనం ఒప్పుకుంటేనే ఇంకో డాక్టరుకి కనపడుతుంది, ఎన్నాళ్ళు కనపడాలో కూడా మనమే పెట్టుకోవచ్చు, వద్దనుకుంటే వెనక్కి తీసుకోవచ్చు. కాగితం మీద చూస్తే ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు, బరంపురం సమస్యకి సరైన మందు కూడా ఇదే. కానీ మా ఊళ్ళో ఒప్పుకోవడం అంటే "పెద్దమ్మా, ఫోన్‌కి ఓటీపీ వచ్చింది సెప్పు" అంతే. ఆ ఆశా అమ్మాయినీ అనలేం, ఆమెకి టార్గెట్ ఉంది. ఆసుపత్రులకైతే ఒక లెక్క దాటాక లింక్ చేసిన ఒక్కో రికార్డుకి 20 రూపాయలు ప్రోత్సాహకం ఇచ్చే స్కీమ్ 2023 జనవరిలో పెట్టారు, మా అమ్మకి మాత్రం ఆ నంబరుతో ఏం చేసుకోవాలో చెప్పినోళ్ళు ఒక్కరు లేరు. కార్డు లామినేషన్ చేయించి దేవుడి పటం వెనకాల పెట్టింది.

2023 డేటా చట్టంలో ఉంది, మన వివరాలు ఎందుకు తీసుకుంటున్నారో చెప్పే నోటీసు తెలుగులో అడిగితే తెలుగులో ఇవ్వాలి. అదే చట్టంలో పరిశోధనకి కొన్ని మినహాయింపులు కూడా ఉన్నాయి. సరే, పరిశోధన ఆగకూడదు, ఒప్పుకుంటాను. కానీ మా దగ్గర ఇంకో భయం ఉంది, బయటోళ్ళకి అర్థం కాదు. ఉద్దానం సంబంధం అంటేనే వెనక్కి తగ్గేవాళ్ళున్నారు, "ఆ ఇంట్లో కిడ్నీ ఉందట" అన్న మాట చాలు. మా పిన్ని కూతురికి రెండు సంబంధాలు అలాగే తప్పిపోయాయి. అందుకని డేటా కలపండి అంటున్నానంటే పేర్లతో సహా ఊరంతా పంచమని కాదు. పేర్లు తీసేసి కలపడం పరిశోధనకి, పేరుతో ఉన్న రికార్డు ఆ మనిషికీ ఆ మనిషి డాక్టరుకీ, ఈ రెండూ వేరుగా ఉంచడం రాని సంస్థ మా ఊరు రాకపోయినా ఫరవాలేదు.

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ రీసెర్చ్ సెంటరూ 200 పడకల ఆసుపత్రీ ఓపెన్ చేశారు కాబట్టి ఉద్దానంలో ఎవరు శాంపిల్ తీసినా, ప్రభుత్వమైనా యూనివర్సిటీ అయినా విదేశాల వాళ్ళైనా, ముందు అక్కడ ఒప్పందం మీద సంతకం పెట్టి రావాలి. ఆ ఒప్పందంలో ఏ ల్యాబ్, ఏ పద్ధతి, డేటా ఎవరితో పంచుకుంటారు, ఎన్నేళ్ళు ఉంచుతారు అన్నవి ఎలాగూ పెద్దలే రాస్తారు, కానీ వాటన్నిటికంటే ముందు ఒక వాక్యం ఉండాలి, శాంపిల్ ఇచ్చిన మనిషికి ఇన్ని రోజుల్లో రిజల్ట్ తెలుగులో చేతికి ఇస్తాం అని. ఎందుకంటే 1.3 దగ్గర తెలిస్తే నొప్పి మాత్రలు మానేస్తారు, బీపీ చూసుకుంటారు, డాక్టరు దగ్గరికి పోతారు, 6 దగ్గర తెలిస్తే పెన్షన్ అప్లికేషన్ పెట్టుకుంటారు. మా నాన్నకి తీసిన ఏడింటిలో ఆ రాని ఐదు కాగితాల్లో ఏముందో నాకు ఇప్పటికీ తెలీదు.

మొన్న వచ్చిన టీమ్‌కి అమ్మ చివరికి రక్తం ఇచ్చింది. వాళ్ళ ట్యాబ్‌లో వేలితో సంతకం కూడా పెట్టింది, కింద ఇంగ్లీషులో రెండు పేజీలున్నాయి. నేను ఆ అబ్బాయి ఫోన్ నంబరు రాసుకున్నాను, నెల రోజులు చూసి ఫోన్ చేస్తాను. నాన్న ఫైలు కూడా అటక మీద ఉంది, తిత్లీ తుఫానుకి కొన్ని కాగితాలు తడిసిపోయాయి గానీ అంకెలు కనిపిస్తూనే ఉన్నాయి, ఎవరికైనా పనికొస్తే ఇస్తాను, జిరాక్స్ తీసుకుని ఒరిజినల్ నాకు వెనక్కివ్వాలి.

ఇట్లు,
మీ పాఠకుడు, ప్రైవేటు స్కూల్ టీచర్,
కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా