కొలవని ఆఫ్‌సెట్

నరసరావుపేట,
ఆదివారం.

చిట్టితల్లికి,

మొన్న నువ్వు ఫోన్లో "మా ఆఫీసువాళ్లు నన్ను డ్రోన్ పైలట్ సర్టిఫికెట్ తెచ్చుకోమన్నారు నాన్నా" అన్నప్పుడు స్పీకర్ ఆన్‌లో ఉంది. మీ అమ్మ చెవిన పడింది పైలట్ అన్న ఒక్క మాటే. చీకటి పడేసరికి వీధి చివరి కిరాణా కొట్టు దాకా నువ్వు జర్మనీలో విమానం నడుపుతున్నావని పాకిపోయింది. నేనేం సరిదిద్దలేదు. ఆవిడ సంతోషం ఆవిడది.

నువ్వు పంపిన కాగితాలన్నీ చదివాను. ముప్ఫై ఏళ్లు మండలాల్లో సర్వేయరుగా గొలుసు లాగించినవాణ్ని, పొలం కొలతల సంగతంటే రిటైరైనా చెయ్యి ఊరుకోదు. అర్థం కానివి మళ్లీ చదివాను. నాకు తట్టినవి రాస్తున్నాను. నీకు తెలిసినవే అయితే నవ్వుకో.

ముందు ఆ 'కమర్షియల్ లైసెన్సు' అన్న మాట. నీ నోటి నుంచి మూడుసార్లు వచ్చింది. అక్కడ అలాంటిదేమీ లేదమ్మా. యూరప్ వాళ్ల 2019/947 నిబంధన నువ్వు డబ్బుకి ఎగరేస్తున్నావా, సరదాకి ఎగరేస్తున్నావా అని అడగదు. డ్రోన్ బరువెంత, కింద ఎవరున్నారు, పడితే ఎవరికి తగులుతుంది, అంతే అడుగుతుంది. దాన్నిబట్టే ఓపెన్, స్పెసిఫిక్, సర్టిఫైడ్ అని మూడు రకాలు చేశారు. ఇరవై ఐదు కిలోల లోపు బరువు, 120 మీటర్ల లోపు ఎత్తు, కంటికి కనిపించేంత దూరం దాటకపోతే చాలామటుకు ఓపెన్‌లోనే సరిపోతుంది. మీ ఆఫీసు క్వారీలు కొలిచే పని కూడా అందులోనే పడేట్టుంది. నాకీ పద్ధతి నచ్చింది. మన దగ్గర ఏ కాగితమైనా మొదట అడిగేది "దేనికోసం?" అని.

ఇంకో తమాషా చూడు. 2020 డిసెంబరు 21న మన జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్లపాడులో భూముల రీసర్వే మొదలైంది, డ్రోన్లతో. సరిగ్గా పది రోజులకి, 31న, యూరప్‌లో ఈ నిబంధనలు అమల్లోకొచ్చాయి. ఇక్కడ నా గొలుసు అటకెక్కిన నెలలోనే అక్కడ నీ పని తయారైందన్నమాట.

డబ్బుల విషయం మాత్రం వేరే లెక్క. డ్రోన్ నిబంధన అడగలేదు కదా అని నువ్వు వారాంతాల్లో సొంతంగా వీడియోలు తీసి బిల్లులు రాస్తే, నీ స్టూడెంట్ వీసా అడుగుతుంది. సొంత వ్యాపారానికి విదేశీయుల ఆఫీసు అనుమతి ముందు తీసుకోవాలి. మీ ఆఫీసు పని మీద ఎగరేసినన్నాళ్లు ఆ బెడద లేదు. ఎందుకంటే అక్కడ పైలట్ వేరు, ఆపరేటర్ వేరు. పైలట్‌వి నువ్వు. ఆపరేటర్ మీ ఆఫీసు. రిజిస్ట్రేషను వాళ్ల పేరు మీద, ఆ నంబరు డ్రోన్ మీద. ఇన్సూరెన్సూ వాళ్లదే. జర్మనీలో అది లేకుండా చిన్న డ్రోన్ కూడా ఎగరకూడదు. ఆ పాలసీలో నీలాంటి పార్ట్‌టైము మనిషి నడిపితే వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా అడుగు. మొహమాటపడకు.

పరీక్షల గురించి నాకు బెంగ లేదు. ఓపెన్‌లోనే, మనుషులకి ఎంత దగ్గరగా ఎగరేస్తావన్నదాన్ని బట్టి ఏ1, ఏ2, ఏ3 అని మూడు భాగాలు కదా. మొదటిది ఏ1, ఏ3 కలిపి, బ్రౌన్‌ష్వైగ్‌లో ఉన్న వాళ్ల విమానయాన శాఖ పోర్టల్లో ఇంట్లో కూర్చుని రాసేది. నలభై ప్రశ్నలు, ముప్ఫై కరెక్టయితే గట్టెక్కినట్టే. ఆ తర్వాత ఏ2, ముప్ఫై ప్రశ్నలు, గుర్తింపు ఉన్న సంస్థ దగ్గర. అందులో వాతావరణం, డ్రోన్ పనితీరు, కింద ఉన్నవాళ్లకి ప్రమాదం తగ్గించే పద్ధతులు ఉంటాయి. రెండూ ఐదేళ్లు చెల్లుతాయి, యూరోపియన్ యూనియన్‌లో ఏ దేశానికి వెళ్లినా చెల్లుతాయి. మీ పెద్దమ్మ కొడుకు హైదరాబాదులో తీసుకున్న సర్టిఫికెట్ మాత్రం అక్కడ చెల్లదు. నీది ఇక్కడా పనికిరాదు. వాడికి చెబితే రెండ్రోజులు మాట్లాడలేదు.

పాత డ్రోన్ చవగ్గా వస్తోందన్నావు, ప్రాక్టీసుకని. దాని మీద తయారీవాళ్లు వేసే సీ1, సీ2 లాంటి క్లాసు ముద్ర ఉందో లేదో చూశావా? 2024 జనవరి నుంచి ముద్ర లేని డ్రోన్, పావు కిలో దాటితే, ఏ3లోకే పోతుంది. అంటే ఇళ్లకీ, దుకాణాలకీ, ఫ్యాక్టరీలకీ, పార్కులకీ 150 మీటర్ల దూరంలో, మనుషులు లేని చోట. స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల అలాంటి బయలు వెతుక్కోవడానికే నీకు రైలు టికెట్లు దండగ. ప్రాక్టీసుకి పరవాలేదు, పనికి మాత్రం అది కుదరదు.

ఇప్పుడు నాకు బాగా రుచించిన సంగతి. ఆ 120 మీటర్ల ఎత్తు ఎక్కడి నుంచి? నేలలో దగ్గరి బిందువు నుంచి అని నిబంధన. నీ చేతిలో స్క్రీను చూపించే ఎత్తేమో నువ్వు ఎగరేసిన చోటు నుంచి. మామూలు పొలంలో రెండూ ఒకటే, ఎవరూ పట్టించుకోరు. క్వారీలో అలా కాదు. గట్టు మీద నిలబడి ఎగరేసి, యాభై మీటర్ల లోతు గొయ్యి నడిమధ్యకి తీసుకెళ్లావనుకో. స్క్రీన్ మీద 100 అని ఉంటుంది. కింది నేలకి 150. పక్క గోడలు ఎంత దూరంలో ఉన్నాయో చూసుకుంటే తప్ప నువ్వు హద్దు లోపలున్నావో దాటావో చెప్పలేవు. ఏ కొలతయినా ఎక్కడ సున్నా పెట్టావన్నదాన్ని బట్టే కదా. బేస్‌లైన్, అంటే పొలంలో మొదట వేసే ఆధార గీత, సరిగ్గా వెయ్యకుండా దాన్నుంచి పక్కకి ఎన్ని ఆఫ్‌సెట్ కొలతలు తీసినా గంగలో పోసినట్టే అనేవాళ్లం మేం. ఎగరేసే ముందు గొయ్యి లోతు కాగితం మీద రాసి పెట్టుకో. నీకు వంద మీటర్ల ఎత్తు నుంచి ఒక్కో పిక్సెల్‌కి మూడు సెంటీమీటర్లు వస్తే చాలంటే, గొయ్యిలో ఆ లెక్కా మారుతుంది.

మనుషుల దూరం కూడా సర్వేయరు బుర్రకి ఎక్కేలాగే పెట్టారు. ఏ2లో సంబంధం లేని మనిషికి ముప్ఫై మీటర్లు. డ్రోన్‌ని నెమ్మది మోడ్‌లో పెడితే ఐదు. దాంతోపాటు ఎంత ఎత్తో అంత దూరం అన్న లెక్క వాడమంటారు. నలభై ఎత్తులో ఉంటే నలభై దూరం. నలభై ఐదు డిగ్రీలు, కంటితోనే పట్టొచ్చు. క్వారీలో పనిచేసే కూలీలు 'సంబంధం ఉన్నవాళ్లు' అనుకుంటున్నావేమో, వాళ్లకి ముందు చెప్పి, ఒప్పించి, ఏం జరిగితే ఎటు జరగాలో వివరించే దాకా కాదు. మీ మేనేజరు ఒప్పుకున్నంత మాత్రాన లారీ డ్రైవరు ఒప్పుకున్నట్టు కాదు.

మీ తెలుగువాళ్లు ఉగాదికి పార్కులో కలుస్తారట, పైనుంచి వీడియో తీసిపెట్టమన్నారట. తీయకు. జనసమూహం మీద ఓపెన్‌లో ఏ డ్రోనూ ఎగరకూడదు, పావు కిలోది కూడా. ఎంతమందైతే సమూహం అని అంకె ఇవ్వలేదు. కిక్కిరిసి, పక్కకి తప్పుకోలేనంత మంది ఉంటే సమూహం. మన కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభ కింద ఇరుక్కున్న జనాన్ని గుర్తు తెచ్చుకో, పైనుంచి ఏదైనా పడితే తల తిప్పడానికి కూడా చోటుండదు. పిలిచినవాళ్లకి కోపం వస్తే రానీ.

ఇక అసలు విషయానికొస్తాను. ఇంతసేపూ దాని చుట్టూ తిరుగుతున్నాను.

ఏ2కి ముందు ప్రాక్టికల్ ఉంది కదా. ఎవరూ లేని చోట నీ అంతట నువ్వు ఎగరేసుకుని, సాధన చేశానని నువ్వే సంతకం పెట్టాలి. చూసేవాళ్లు లేరు, పరీక్షించేవాళ్లు లేరు. "నా ఫ్రెండ్సు ఒక్క గంట ఎగరేసి పెట్టేశారు నాన్నా" అని నవ్వావు. నేను నవ్వలేదు, నువ్వు గమనించావో లేదో.

1994లో, నువ్వు పుట్టకముందు, ఒక ఊళ్లో మిరప చేను కొలిచాను. అన్నదమ్ముల పంపకం. ఎండ మాడ్చేస్తోంది. చివరి ఆఫ్‌సెట్ వాగు అవతల పడింది. గొలుసు లాగే చైన్‌మన్ ముసలాయన, వాగు దాటడానికి ఇబ్బందిపడుతున్నాడు. పాత ఎఫ్‌ఎంబీలో, అంటే పొలం కొలతల పుస్తకంలో, ఉన్న అంకె చూసి అదే రాసేశాను. కింద 'కొలిచితిని' అని సంతకం. ఆ అంకె గొలుసులో నాలుగైదు లింకులు తేడా, అంటే మూడడుగులు. వాగు ఒడ్డు కోసుకుపోయి ఎప్పుడో మారింది. హద్దు రాయి ఆ లెక్కన పాతారు. అన్నదమ్ములిద్దరూ పదకొండేళ్లు కోర్టు చుట్టూ తిరిగారు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు, నా సంతకం పక్కాగా ఉంది కదా. తర్వాతెప్పుడో ఆ చిన్నాయన బస్టాండులో కనబడి, సర్వేయరు గారూ అని పలకరించి, మజ్జిగ తాగించాడు. ఆ మజ్జిగ గొంతు దిగలేదు. మీ అమ్మకి కూడా ఈ సంగతి ఇవాళే చెప్పాను.

నువ్వు ఎన్ని గంటలు ఎగరేయాలో నాకు తెలీదు. గాలి ఉన్న రోజు ఎగరేయి. చలిలో బ్యాటరీ ఎంత తొందరగా దిగిపోతుందో జనవరిలో ఒకసారి చూడు. డ్రోన్ ముఖం నీ వైపు తిప్పుకున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయే, అప్పుడు వేలు తడబడకుండా ఉండేదాకా ఎగరేయి. జీపీఎస్ సాయం లేకుండా నిలబెట్టడం కూడా చూడు. తర్వాత సంతకం పెట్టు.

వచ్చే వారం మన ఎదురింటి అబ్బాయి అటు వస్తున్నాడు. అతని చేత నా ఫీల్డ్‌బుక్ ఒకటి పంపుతున్నాను. గుడ్డ అట్ట, లోపల ఒక్క గీత కూడా పడలేదు, రిటైరయ్యేటప్పుడు దాచుకున్నది. ఎగరేసిన ప్రతి రోజూ తేదీ, చోటు, గాలి, ఎన్ని నిమిషాలు, ఏం తప్పు జరిగింది అందులో రాయి. మార్కుల కాగితం నాకు పంపక్కర్లేదు. ఆ పేజీలు ఫొటో తీసి పంపు.

నాన్న