ఆపరేషన్ తేదీ వచ్చిందన్నావుగా, తీరిగ్గా చదువు

ఒరేయ్ రఘూ,

నీ మెసేజ్ చూశాను. బరువు తగ్గే ఆపరేషన్‌కి తేదీ ఖాయమైందని, ఒకపక్క సంతోషంగా, ఇంకోపక్క భయంగా ఉందని రాశావు. రెండూ ఉండాల్సినవేరా. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావు, పైగా మధ్యమధ్యలో అడ్డు తగులుతావు, అందుకే కూర్చుని రాస్తున్నాను. చెల్లెమ్మ చేత కూడా చదివించు, ఇందులో చాలావరకు తనకి తెలిసుండాల్సినవే.

ముందు మీ బంధువు అన్న మాట సంగతి తేల్చేద్దాం. "నోరు కట్టుకోలేక పొట్ట కోయించుకుంటున్నాడు" అన్నాడని రాశావు. నా ఆపరేషన్ అప్పుడు నేనూ ఇలాంటివి విన్నాను, ఎంత గుచ్చుకుంటాయో నాకు తెలుసు. నువ్వు నోరు కట్టుకోలేదని ఎవడన్నాడు? ఎన్నేళ్లు కట్టుకున్నావో నేను పక్కనే ఉండి చూశాను. తగ్గావు, మళ్లీ పెరిగావు, మళ్లీ తగ్గావు. బరువు బాగా తగ్గినప్పుడు శరీరం ఊరుకోదు, ఆకలిని పెంచుతుంది, తను ఖర్చు పెట్టే శక్తిని తగ్గించుకుంటుంది, పోయిన బరువుని వెనక్కి తెచ్చుకోవాలని చూస్తుంది. ఇది పట్టుదలకి సంబంధించిన విషయం కాదు. స్లీవ్ ఆపరేషన్‌లో జీర్ణాశయంలో నాలుగింట మూడొంతులకు పైగా తీసేసి, మిగిలినదాన్ని అరటిపండంత గొట్టంలా ఉంచుతారు. తీసేసే భాగంలోనే గ్రెలిన్ అనే ఆకలి హార్మోన్ ఎక్కువగా తయారవుతుంది. అందుకే పట్టే తిండి తగ్గడంతో పాటు అసలు ఆకలే మారిపోతుంది, ముఖ్యంగా మొదటి ఏడాది. స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి వేలమందిని ఏళ్ల తరబడి గమనించిన పరిశోధన ఒకటుంది, బరువు తగ్గే ఆపరేషన్లు చేయించుకున్నవాళ్లలో మరణాలు తక్కువని 2007లో దాని ఫలితాలు వచ్చాయి. నువ్వు చేయించుకునేది వైద్యంరా, తప్పించుకునే దారి కాదు. ఈ ఒక్కటి మనసులో గట్టిగా పెట్టుకో, ఎందుకంటే తర్వాత వచ్చే నెలల్లో కష్టపడాల్సింది నువ్వే, సిగ్గుపడుతూ ఆ కష్టం పడలేవు.

ఇక ముందు రోజుల సంగతి. ఆపరేషన్‌కి ముందు రెండు వారాల పాటు, కొన్నిచోట్ల ఇంకొంచెం ఎక్కువే, చాలా తక్కువ కేలరీల డైట్ పెడతారు. ఎక్కువగా షేకులు, పల్చటి సూపులు, పిండిపదార్థాలు దాదాపు ఉండవు. ఎలాగూ ఆపరేషన్ చేస్తున్నారు కదా, ముందే ఈ శిక్ష ఎందుకని అడుగుతావని తెలుసు. కాలేయం ఎడమ భాగం సరిగ్గా జీర్ణాశయం మీద పడి ఉంటుంది. మనలాంటి వాళ్లలో కొవ్వు పట్టి పెద్దదై ఉంటుంది. సర్జన్ దాన్ని పక్కకి ఎత్తి పట్టుకుంటేగానీ కింద పని చేయలేడు. ఈ డైట్‌తో కాలేయంలో దాచుకున్న చక్కెర, దాంతో పాటు నీరు, కొంత కొవ్వు పోయి అది చిన్నదవుతుంది. అంటే ఆ రెండు వారాలు నువ్వు చేసేది ఆపరేషన్‌లో నీ వంతు పని. మొదటి మూడు నాలుగు రోజులు తలనొప్పి, చిరాకు, నీరసం తప్పవు, చెల్లెమ్మకి ముందే చెప్పి ఉంచు. ఆ తర్వాత ఆశ్చర్యంగా తేలికవుతుంది. నీకు షుగర్ మందులున్నాయి కాబట్టి ఒక్క విషయం మాత్రం మర్చిపోకు: తిండి ఒక్కసారిగా తగ్గినప్పుడు పాత డోసే వేసుకుంటే షుగర్ పడిపోతుంది. డైట్ మొదలుపెట్టే ముందే డాక్టర్‌తో మాట్లాడి డోసు మార్పించుకో, నీ అంతట నువ్వు మార్చుకోకు.

సిగరెట్ సంగతి నేను మెత్తగా చెప్పను. మానెయ్. కుట్లు మానాలన్నా, కుట్టిన చోట లోపల లీక్ కాకుండా ఉండాలన్నా, రక్తం గడ్డకట్టకుండా ఉండాలన్నా అది నీ ఒంట్లో ఉండకూడదు. ఆపరేషన్‌కి కనీసం ఆరు వారాల ముందు మానాలంటారు. తర్వాత కూడా మొదలుపెట్టకూడదు.

నిద్రలో నీ గురక గురించి కూడా చెప్పేయ్, దాచకు. ఊపిరి ఆగి ఆగి వస్తోందేమో పరీక్ష చేస్తారు. ఉందని తేలితే మాస్క్ మెషీన్ ఇస్తారు, దాన్ని ముందు నుంచే అలవాటు చేసుకోవాలి, మత్తు డాక్టర్‌కి ఇది చాలా ముఖ్యం. సైకాలజిస్ట్ దగ్గరికి పంపితే పరీక్షలో పాసవ్వాలన్నట్టు జవాబులు చెప్పకు. టెన్షన్ వచ్చినప్పుడు తింటావా, రాత్రిళ్లు లేచి తింటావా, మందు ఎంత తాగుతావు అని అడుగుతారు. ఉన్నదున్నట్టు చెప్పు. అక్కడ దాచినది తర్వాత నీ మీదకే వస్తుంది. రక్తపరీక్షల్లో విటమిన్ డి, బి12, ఐరన్ తక్కువున్నాయని వస్తే ఇప్పుడే సరిచేసుకో, తర్వాత పూడ్చుకోవడం కష్టం.

ఇంట్లో కూర్చుని చేసుకోగల సాధన ఒకటుంది, ఎవరూ గట్టిగా చెప్పరు గానీ నాకు చాలా పనికొచ్చింది. ఇప్పటి నుంచే నమిలి నమిలి తిను, ముద్ద మింగాకే ఇంకో ముద్ద తీసుకో. తినేటప్పుడు నీళ్లు తాగడం మానెయ్, తిన్నాక అరగంట ఆగి తాగు. నీళ్లు గటగటా కాకుండా చిన్న గుక్కల్లో తాగడం నేర్చుకో. ఆపరేషన్ అయ్యాక ఇవి నియమాలు. అప్పుడు కొత్తగా నేర్చుకోవడం కంటే ఇప్పుడే అలవాటైతే హాయి.

ఆపరేషన్ రోజు గురించి పెద్దగా చెప్పడానికేం లేదు, నువ్వు నిద్రపోతావు. కీహోల్ పద్ధతిలో నాలుగైదు చిన్న గాట్లు పెడతారు, మామూలుగా ఒకటి రెండు గంటల పని. లేచాక కడుపు నొప్పి కంటే భుజం నొప్పి నిన్ను కంగారు పెడుతుంది. కడుపులోకి గ్యాస్ నింపి చేస్తారు కదా, అది ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రమ్ అనే కండరాన్ని రేపుతుంది, దాని నరం ఆ నొప్పిని భుజంలో చూపిస్తుంది. గుండెపోటేమో అని నేను హడలిపోయాను, నర్స్ చెప్పాకే ఊపిరి పీల్చుకున్నాను. దానికి నడకే మంచి మందు. అదే రోజు సాయంత్రం మంచం దింపి నడిపిస్తారు, విసుక్కోకుండా నడువు, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా కాపాడేది కూడా అదే. ఊపిరి పీల్చే బంతుల పరికరం ఇస్తే గంటగంటకీ చెయ్.

ఆ తర్వాత మొదలవుతుంది అసలు ఉద్యోగం, నీళ్లు తాగడం. నవ్వకు. నా చేతికి మందు పోసుకునే చిన్న కప్పు ఇచ్చారు, ముప్ఫై మిల్లీలీటర్లు. ఆ కప్పుడు నీళ్లు పావుగంట సేపు తాగాలి. మొదటి గుక్క లోపలికి దిగుతుంటే ఛాతీ మధ్యలో ఎక్కడ ఆగింది, ఎక్కడ కదిలింది తెలుస్తుంది, కొంచెం తొందరపడితే బిగదీసుకుపోయినట్టు నొప్పి వచ్చి నోట్లో లాలాజలం ఊరిపోతుంది. అలా రోజుకి లీటరున్నర దాకా చేరాలి. అందుకే ఫోన్‌లో అలారం పెట్టుకుని, పక్కనే కాగితం మీద ఒక్కో కప్పుకి గీత గీసుకునేవాణ్ణి. ఇంటికొచ్చిన తొలి రోజుల్లో మళ్లీ ఆసుపత్రిలో చేరేవాళ్లలో చాలామంది ఒంట్లో నీరు తగ్గిపోయే చేరతారు. మూత్రం ముదురు రంగులో వస్తున్నా, లేవగానే కళ్లు తిరుగుతున్నా ఫోన్ చెయ్.

తిండి మెట్లు మెట్లుగా వస్తుంది. ముందు పల్చటి ద్రవాలు, తర్వాత చిక్కటివి, తర్వాత మెత్తగా మిక్సీ పట్టినవి, ఆ తర్వాత మెత్తని తిండి, దాదాపు ఆరు నుంచి ఎనిమిది వారాలకి మామూలు తిండి. మీ డైటీషియన్ ఇచ్చిన కాగితమే నీకు లెక్క, ఇంకెవరో ముందే తిన్నారని నువ్వు ముందుకి దూకకు. లోపల కుట్లు మానుతున్నాయి, పైకి కనిపించకపోయినా. ప్రోటీన్ రోజుకి 60 నుంచి 80 గ్రాములు ఉండాలంటారు, అందుకని ప్లేటులో ముందు అదే తినాలి, మిగతావి చోటుంటేనే. నాకు మెత్తని తిండి మొదలైన రోజు ఉడికించిన గుడ్డు ఒకటి పెట్టారు. సగం తినేసరికి ముక్కు కారింది, ఒక ఎక్కిలి వచ్చింది. నిండిపోయిందని నా కొత్త పొట్ట చెప్పే తీరు అదేనని అప్పుడు అర్థమైంది. ఒక్కొక్కరికి ఒక్కో గుర్తు ఉంటుంది, తుమ్ము వచ్చేవాళ్లూ ఉన్నారు. నీ గుర్తేదో పట్టుకో, అది రాగానే చెంచా కింద పెట్టెయ్. ఇంకొక్క ముద్ద అనుకున్నావా, వాంతే.

చెల్లెమ్మా, ఈ పేరా నీకోసం, ఫ్రిజ్ మీద అంటించుకో. గుండె వేగం నిమిషానికి 120 దాటి తగ్గకపోయినా, జ్వరం వచ్చినా, కడుపు నొప్పి తగ్గుతూ రావాల్సింది పోయి పెరుగుతున్నా, ఊపిరాడకపోయినా, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టినా, తెల్లారేదాకా ఆగకు. లీక్ గానీ, రక్తపు గడ్డ గానీ అరుదే, కానీ వస్తే గంటలు కూడా లెక్కలోకి వస్తాయి. ఇంకొకటి, వాంతులు రోజుల తరబడి ఆగకపోతే బి1 విటమిన్ పడిపోయి నరాలు, మెదడు దెబ్బతింటాయి. సర్దుకుంటుందిలే అని వీడు అంటాడు. వినకు.

రఘూ, మూడో వారంలోనో అటూఇటూగానో కాటా కదలడం మానేస్తుంది. ఇంత చేసినా పనిచేయలేదని కుమిలిపోతావు. దాదాపు అందరికీ వస్తుంది. కాటాని వారానికోసారి ఎక్కు చాలు. మూడు నాలుగు నెలలకి జుట్టు రాలుతుంది, దువ్వెన నిండా వస్తుంది, చూసి ఏడుపొస్తుంది. ఆపరేషన్ ఒత్తిడికి, బరువు వేగంగా తగ్గడానికి శరీరం చూపే స్పందన అది. ప్రోటీన్, ఐరన్ సరిగ్గా ఉంటే కొన్ని నెలల్లో తిరిగి మొలుస్తుంది. పిత్తాశయంలో రాళ్లు కూడా ఈ దశలోనే రావచ్చు, వాటిని ఆపడానికి ఆర్నెల్లు మాత్ర రాస్తే మానకుండా వేసుకో. విటమిన్లు మాత్రం బతికున్నంత కాలం. కాల్షియం, ఐరన్ కలిపి మింగకు, మధ్యలో రెండు గంటలు తేడా ఉండాలి. ఒళ్లు నొప్పులకి ఇన్నాళ్లూ మింగిన బ్రూఫెన్ లాంటి గోళీలు ఇక వద్దు, అల్సర్లు వస్తాయి, ముఖ్యంగా బైపాస్ అయితే (గుండెది కాదు, జీర్ణాశయాన్ని చిన్న సంచిలా చేసి పేగుని దానికి కలిపే ఇంకో రకం ఆపరేషన్). మందు కూడా మునుపటిలా కాదు, కొంచెం తాగినా చాలా వేగంగా ఎక్కుతుంది.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా కదిలించింది వేరే. పని ముగించుకుని ఇంటికి రాగానే తినడం నాకు ఇన్నేళ్లూ ఊరట. ఆ ఊరట ఒక్క రోజులో పోయింది. ఆకలి లేదు, కానీ ఆ సాయంత్రాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు, ఎందుకో తెలియకుండానే దుఃఖం వచ్చేది. తిండి పోయిన చోట కొంతమందికి తాగుడో, అదేపనిగా కొనడమో వచ్చి కూర్చుంటుంది. అందుకే ఇప్పుడే ఆలోచించు, ఆ గంటలో ఏం చేస్తావో. నాకు నడక కుదిరింది. నీకు ఏది కుదురుతుందో నీకే తెలుసు. ఆ రోజుల్లో దిగులుగా ఉంటే ఏ వేళైనా సరే నాకు ఫోన్ చెయ్, మాట్లాడకపోయినా పర్లేదు.

చివరిగా ఒక్కటి, ఇది త్వరగా తేలాలి. నీకు చాన్నాళ్లుగా గుండెల్లో మంట ఉంది, గోళీలు వేసుకుంటున్నావు. స్లీవ్ తర్వాత కొందరికి ఆ మంట ఎక్కువవుతుంది, అలాంటివాళ్లకి బైపాస్ నయమని చాలామంది సర్జన్లు అంటారు. బైపాస్‌లో విటమిన్లు తగ్గే బాధ ఎక్కువ, తీపి తింటే గుండె దడ, చెమటలు, విరేచనాలు వచ్చే అవకాశమూ ఉంది. ఏది నీకు సరిపోతుందో నీ ఎండోస్కోపీ చూసి సర్జన్ చెప్పాలి, నేను కాదు. ఆయన స్లీవ్ అనగానే తలూపి వచ్చేశావని నాకు అనుమానం. రిపోర్ట్ ఫోటో తీసి పంపు, అడగాల్సిన ప్రశ్నలు ఇద్దరం కలిసి కాగితం మీద రాసుకుందాం, ఈసారి అపాయింట్‌మెంట్‌కి నేనూ వస్తాను.

నీ
వాసు