ముందు ఆ పిల్లాడి వయసెంతో అడగండి

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ పేపర్లో మా మండలం బైకుల దొంగతనం వార్త, దాని పక్కనే 'మైనర్లకు చట్టమే అండ' అన్న వ్యాఖ్య వేశారు. చదివి రెండు రోజులు ఊరుకున్నాను, ఇక ఊరుకోలేక రాస్తున్నాను. నేను రిటైరైన హెడ్మాస్టర్ని. ఆ కుర్రాళ్ళలో ఒకడికి అ ఆలు దిద్దించింది నేనే.

పదహారు దాటితే చాలు పెద్దవాళ్ళలాగా విచారించాలని రాశారు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలో ఆ దారి ఎప్పటినుంచో ఉంది. పదహారు నిండి పద్దెనిమిది నిండనివాడు కనీసం ఏడేళ్ళ శిక్ష పడే ఘోర నేరం చేశాడని కేసు పెడితే, వాడికి ఆ పని తాలూకు పర్యవసానం తెలిసే బుద్ధి ఉందా, ఏ పరిస్థితిలో చేశాడు అని జువెనైల్ జస్టిస్ బోర్డు మూడు నెలల్లో తేల్చి, అవసరమైతే పెద్దవాడిలా విచారించడానికి పిల్లల కోర్టుకి పంపాలి. 2022లో హైదరాబాద్ జూబ్లీహిల్స్ సామూహిక అత్యాచారం కేసులో అయిదుగురు మైనర్లలో నలుగుర్ని పెద్దవాళ్ళలాగే విచారించాలని బోర్డు అన్న సంగతి మీరే మొదటి పేజీలో వేశారు కదా! మైనర్ నడిపిన కారు గుద్ది ఇద్దరు చనిపోయిన పుణె కేసులో అలా కుదరలేదంటే, అక్కడ పెట్టిన సెక్షన్‌కి కనీస శిక్ష ఇన్నేళ్ళు అని లేదు. గరిష్ఠ శిక్ష ఎంత ఉన్నా కనీసం ఏడేళ్ళు లేకపోతే అది ఘోర నేరం కిందికి రాదని 2020లో సుప్రీంకోర్టే చెప్పింది. ఆ తేడా నచ్చకపోతే పార్లమెంటుని అడగండి. బైకు ఎత్తుకెళ్ళిన పిల్లాడి మీద ఆ కోపం తీర్చుకోవడం ఏం న్యాయం?

ఇక మా వాడి సంగతి. ఎఫ్ఐఆర్‌లో వాడి వయసు 'సుమారు 19 సం.' అని రాశారు. ఆ 'సుమారు' ఎవరు చెప్పారో ఎవరికీ తెలీదు. ఆధార్ చూశామన్నారట. తేదీ చెప్పలేనివాళ్ళకి ఆధార్‌లో జనవరి 1 వేసేస్తారని ఊళ్ళో ఎవర్నడిగినా చెప్తారు, వీడి కార్డులోనూ అదే ఉంది. పుట్టిన తేదీకి ఆధార్ రుజువు కాదని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా. వయసు తేల్చడానికి జువెనైల్ జస్టిస్ చట్టంలో వరస స్పష్టంగా ఉంది: ముందు బడి సర్టిఫికెట్టో పదో తరగతి మెమోనో, అది లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన పుట్టిన సర్టిఫికెట్, అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. వాళ్ళమ్మ టీసీ జిరాక్సు కొంగులో ముడేసుకుని స్టేషన్ చుట్టూ తిరుగుతుంటే ఒక్కరూ విప్పి చూడలేదు. చివరికి నేనే బడికి వెళ్ళి బీరువాలోంచి అడ్మిషన్ రిజిస్టర్ తీయించాను. చెదలు అంచులు కొట్టేసినా నా చేతిరాత చక్కగా కనబడుతోంది. దాని ప్రకారం వాడికి పదహారున్నర. అప్పటికే పద్దెనిమిది రోజులు సబ్‌జైల్లో పెద్దవాళ్ళ మధ్య గడిపాడు. పిల్లల్ని లాకప్‌లోగానీ జైల్లోగానీ పెట్టనేకూడదు. మామూలు దొంగతనానికి, పెద్దవాళ్ళతో కలిసి చేస్తే తప్ప, పిల్లాడి మీద ఎఫ్ఐఆరే కట్టకూడదని రూల్సులో ఉంది, డైరీలో రాసుకుని బోర్డుకి పంపాలంతే.

ఆ రిజిస్టర్ గురించి కూడా ఉన్నమాట చెప్తాను. కూలికెళ్ళే తల్లి పిల్లాణ్ణి తీసుకొచ్చి 'సంక్రాంతి వెళ్ళాక పుట్టాడు సార్' అంటుంది. కాగితం లేదని చేర్చుకోకుండా పంపకూడదని విద్యా హక్కు చట్టం. లెక్క కట్టి ఒక తేదీ వేసేవాళ్ళం. వరసగా పాతికమందికి జూన్ 1 ఉన్న పేజీలున్నాయి. ఇన్నేళ్ళ తర్వాత ఒక పిల్లాడు ఎక్కడ ఉండాలో ఆ గీతే తేలుస్తుందని మాకెవరూ చెప్పలేదు, ఏ ట్రైనింగులోనూ ఒక్క ముక్క రాలేదు. నెలకో యాప్ మాత్రం నింపమంటారు. ఇప్పటికీ పంచాయతీలో పుట్టిన సర్టిఫికెట్ కోసం తిప్పినన్ని రోజులు తిప్పుతారు. ఏ అధికారికీ పట్టదు.

పద్దెనిమిది దాటినవాళ్ళ సంగతీ ఎవరూ రాయరు. ఇరవై ఒకటి నిండనివాడి నేరం యావజ్జీవం పడేది కాకపోతే, జైలుకి పంపే ముందు ప్రొబేషన్, అంటే మంచి నడవడి షరతు మీద వదిలిపెట్టడం, సరిపోదా అని కోర్టు చూడాలి, సరిపోదనుకుంటే కారణాలు రాయాలి. ఇది 1958 నాటి చట్టం. మా తాలూకా కుర్రాళ్ళకి దాన్ని అడిగిపెట్టే నాథుడే లేడు. డబ్బున్నవాళ్ళ పిల్లలకి లాయరు మొదటి రోజే వయసు కాగితాలు పట్టుకొస్తాడు.

మరొకటి. ఆ వార్తలో మీరు ఊరి పేరు, బడి పేరు, 'ఫలానా టీకొట్టు వాళ్ళబ్బాయి' అని రాశారు. పిల్లాడెవరో తెలిసేలా ఏదీ వేయకూడదని జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్, వేస్తే ఆర్నెల్ల దాకా జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ కొట్టు మూతపడి వారమైంది, వాళ్ళ చెల్లెలు బడికి రావడం లేదు.

సవరణ వేస్తారో లేదో మీ ఇష్టం. వెబ్‌సైట్లో మాత్రం ఆ వార్త ఇవాళ పొద్దున కూడా అలాగే ఉంది. ముందు దాన్ని తీయించండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హెడ్మాస్టర్, పశ్చిమ గోదావరి జిల్లా