వీణతో వస్తున్న చెల్లికి

షికాగో,
ఫిబ్రవరి 8

చి.సౌ. చెల్లికి,

అక్క ఆశీస్సులు. అమ్మకీ నాన్నకీ నా నమస్కారాలు చెప్పు.

ఇక్కడి కచేరీల కోసం నువ్వు పంపిన పాటల పట్టిక చూశాను. అన్నీ నాకు ప్రాణమైనవే. కాకపోతే అది మన ఊరి గాలిలో వాయించుకోవడానికి రాసుకున్న పట్టిక. ఇక్కడ ఏ పాట ఏ వరసలో నిలబడుతుందన్నది సగం నీ చేతిలో ఉంటే, మిగతా సగం వీణ మెట్ల కింద, అంటే తీగ నొక్కే లోహపు కడ్డీల కింద, వాటిని పట్టి ఉంచే మైనం చేతిలో ఉంటుంది. కాబట్టి ముందు మైనం సంగతి చెప్పి, తర్వాత పాటల్లోకి వస్తాను.

తేనెమైనం కరిగేది 62, 64 డిగ్రీల మధ్య. కానీ 40 దగ్గరికి వచ్చేసరికే మెత్తబడుతుంది. అప్పుడు గట్టిగా తీగ లాగావంటే మెట్టు ఒరుగుతుంది. చలికి అదే మైనం పెళుసెక్కి, చిన్న కుదుపుకే మెట్టు ఊడి వస్తుంది. ఈస్టర్ రోజుల్లో క్లీవ్‌లాండ్‌లో నీకు చలి బెడద, మే నెలలో ఫీనిక్స్‌లో ఎండ బెడద. ఎండలో ఆపిన కారులో వేడి 60 డిగ్రీల దాకా పోతుంది. భోజనానికి ఆగినా సరే, వీణ నీతోపాటు లోపలికి రావాల్సిందే.

విమానం ఎక్కే ముందు తీగలన్నీ ఒకటి రెండు స్వరాలు దించు, పూర్తిగా వదిలెయ్యకు. పూర్తిగా వదిలితే తీగల్ని మోసే గుర్రం కదులుతుంది, తీగలు బిగించే బిరడల మీద చుట్లు జారిపోతాయి. దండి కింద ఉండే బుర్ర విప్పి విడిగా చుట్టు. వీణ విరిగేది ఎక్కువగా పొడవాటి దండీ గుండ్రటి కుండా కలిసే అతుకు దగ్గర, లేదా దండి చివర చెక్కిన యాళి తల మెడ దగ్గర. మీ బొబ్బిలి వీణ ఏకాండిది, ఒకే కట్టెలో చెక్కింది కాబట్టి అతుకు భయం లేదు. యాళి మెడ కింద మాత్రం గట్టిగా మడిచిన దుప్పటి పెట్టు, పెట్టెలో ఎటూ కదలకూడదు. ఇక్కడి విమాన సంస్థలకు 2015 నుంచి ఒక నిబంధన ఉంది. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 150 అంగుళాలు, బరువు 165 పౌండ్లు దాటని వాయిద్యాన్ని, విమానంలో చోటు సరిపోతే, సామానుగా తీసుకోవాలి. అలాగని ఉచితం అనుకోకు. 62 అంగుళాలు దాటితే అదనపు రుసుము అడుగుతారు. బరువు మాత్రం పెట్టెతో కలిపి 23 కిలోలు దాటనివ్వకు.

దిగాక ఆత్రంగా పెట్టె తెరవద్దు. గదిలో నాలుగైదు గంటలు అలాగే వదిలెయ్. చల్లటి కట్టె మీద వెచ్చటి గాలి తగిలితే తేమ పడుతుంది. ఆపైన అసలు శత్రువు హీటరు. చలికాలంలో మూసి ఉంచిన గదుల్లో గాలి తేమ 20 శాతానికి పడిపోతుంది, పనస కట్టె ఎండుతుంది, బిరడలు పట్టు తప్పి జారతాయి. వీణ ఉన్న గదిలో తేమ 40, 50 శాతం మధ్య ఉండేలా తేమ యంత్రం పెట్టుకో. జారే బిరడకి సుద్దముక్క రాస్తే నిలుస్తుంది. హ్యూస్టన్ వెళ్ళాక ఇదంతా తలకిందులవుతుంది. అక్కడ బిరడ ఉబ్బి కదలనంటుంది, బలవంతం చేస్తే విరుగుతుంది.

శ్రుతి చేశాక సారణి, అంటే ప్రధాన తీగ మీద మూడు మెట్లు చూడు: 5 మధ్యమం, 7 పంచమం, 12 తారషడ్జమం. 12 సరిగ్గా ఉండి 7 ఒక్కటే తప్పితే ఆ మెట్టు ఒక్కటే జరిగింది. 12తో సహా అన్నీ హెచ్చుగా పలుకుతుంటే మెట్ల జోలికి పోకు, గుర్రం మెట్ల వైపు జరిగిందన్నమాట. ఈ తేడా తెలియక మెట్లన్నీ పీకి మళ్ళీ పెట్టుకున్నవాళ్ళున్నారు. ఒక మెట్టు మీద తీగ జరజరమంటే రెండే కారణాలు: అది కిందికి దిగింది, లేదా గుర్రం వైపున్న తర్వాతి మెట్టు పైకి లేచింది. సరిచెయ్యడానికి సోల్డరింగ్ ఐరన్ మొనని మెట్టు లోహానికి కొన్ని సెకన్లు ఆనిస్తే చాలు, ఆ వేడికి కింది మైనం మెత్తబడుతుంది. మెట్టుని చోటుకి నెట్టి, చల్లారేదాకా కదలకుండా పట్టుకో. జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్ వాడావంటే పక్క మెట్లు కూడా కదులుతాయి.

ఇక పాటలు. నువ్వు ముందు పెట్టిన 'రఘువంశ సుధాంబుధి' వెనక్కి జరుపు. వైణికులు చిట్టిబాబు గారి వేళ్ళలో విన్నప్పటి నుంచీ అదంటే నాకూ పిచ్చే. కానీ దాని రాగం కదనకుతూహలం సూటి స్వరాల రాగం, గమకం (స్వరాన్ని ఊపడం) చాటున దాక్కునే వీల్లేదు. ఒక్క మెట్టు తప్పినా ఆ వేగంలో బయటపడిపోతుంది. మోహన రాగంలోని వర్ణం 'నిన్నుకోరి'తో మొదలుపెట్టు. అందులో మధ్యమం, నిషాదం లేవు, చూసుకోవాల్సిన మెట్లు తక్కువ. ఆ పది నిమిషాల్లో వేదిక దీపాల వేడికి వీణ ఎటు మొగ్గుతోందో కూడా తెలిసిపోతుంది.

'కొలువమరె గద' ప్రధానంగా ఉంచావు, ఉండనీ. దాని రాగం తోడిలో చిక్కు మెట్లది కాదు, తీగది. గాంధారం, నిషాదం లాగీ లాగీ సారణి కిందికి దిగుతుంది. కచేరీకి రెండు రోజుల ముందే కొత్త తీగ వేసి, రోజూ బాగా లాగి వాయించు. ఆ పొద్దున్నే వేసిన తీగతో తోడి జోలికి పోకు, ఆలాపన సగంలోనే శ్రుతి జారుతుంది.

'సామజ వరగమన' మధ్యలో వద్దు. దాని రాగం హిందోళంలో పంచమం లేదు కదా, పక్కనుండే తాళపు తీగల్లోని పంచమాన్ని మధ్యమానికి దించకపోతే చెవికి గుచ్చుకుంటుంది. దించి మళ్ళీ పెంచిన తీగ ఆ పూటకి స్థిరంగా ఉండదు. మంగళానికి ముందు పెట్టుకుంటే పేచీ లేదు.

క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఆరాధన 1978లో మొదలైంది. అక్కడ అందరూ కలిసి త్యాగరాజ పంచరత్న కృతులు పాడే గోష్ఠిలో కూర్చునేటట్లయితే వాళ్ళ శ్రుతి ముందే అడుగు. నీ వీణ మూడు శ్రుతిలో, అంటే హార్మోనియం మూడో తెల్లమెట్టు స్థాయిలో ఉంటుంది. అరశ్రుతి పెంచొచ్చు. అంతకు మించి పెంచితే సారణి తెగుతుంది. వాళ్ళ శ్రుతి అందకపోతే వాయించకుండా కూర్చుని పాడు, అందులో చిన్నతనం ఏమీ లేదు.

ఇక్కడ పుట్టిన పిల్లలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని నేర్చుకున్నా సాహిత్యం అక్షరం పొల్లుపోకుండా కంఠతా పట్టి వస్తారు. నువ్వు 'నగుమోము' ఎత్తుకుంటే ముందు వరుసలో పెదవులు కదులుతాయి. అందుకని మీటు సరిగ్గా అక్షరం మీదే పడాలి. ఒక్క మీటులో నాలుగక్షరాలు లాగే అలవాటు మనవాళ్ళ ముందు చెల్లుతుంది, వీళ్ళు తడబడతారు. నన్నడిగితే ఈ దేశంలో వాయించడానికి ఇంతకంటే మంచి కారణం లేదు. సినిమా పాట అడుగుతూ చీటీలు వస్తాయి. ఒకటి వాయించు, రెండో చీటీకి నవ్వి ఊరుకో.

కాగితాల విషయం. పారితోషికం తీసుకుంటావు కనక పర్యాటక వీసా పనికిరాదు, పిలిచినవాళ్ళే కళాకారులకిచ్చే పి-3 వీసాకి దరఖాస్తు పెట్టాలి. బయల్దేరేటప్పుడు మన కస్టమ్స్ దగ్గర వీణకి ఎగుమతి ధ్రువపత్రం తీసుకుంటే తిరిగొచ్చాక సుంకం గొడవ ఉండదు. దంతపు పని ఉన్న తాతగారి వీణ మాత్రం తేవద్దు, అనుమతి పత్రం లేకపోతే ఇక్కడ పట్టుకుంటారు.

సారణి తీగలు ఆరు, పంచమానివి నాలుగు, మంద్ర, అనుమంద్రాలవి రెండేసి తెచ్చుకో. మెట్లకి వాడే నల్ల మైనం ఒక ముద్ద అక్కడే తీసుకో, ఇక్కడ దొరికే ఉత్త తేనెమైనం పట్టు నిలవదు. బయల్దేరే ముందు గుర్రం ఉన్న చోట పెన్సిలుతో గీత గీయమని నాన్నతో చెప్పు.

మీ అక్క