రామ్మోహన్ నాయుడు గారూ, ఆ రివెట్లు చూసే మనిషిని కూడా ఒకసారి చూడండి

గౌరవనీయులైన కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి, గాజువాక నుంచి నమస్కారం.

నేను విమానాల్లో పనిచేసేవాణ్ణి కాదు, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఫ్యాక్టరీల్లో పైపులకూ బాయిలర్లకూ ట్యాంకులకూ పగుళ్లు వచ్చాయేమో చూసే ఎన్‌డీటీ పని నాది. వస్తువును కోయకుండా, పాడుచేయకుండా దానిలో లోపం ఎక్కడుందో పట్టుకోవాలి. స్టీల్ ప్లాంటు, రిఫైనరీ, షిప్‌యార్డు, నేవల్ డాక్‌యార్డు అన్నీ ఒక్క ఊళ్లోనే ఉన్నాయి కాబట్టి మా దగ్గర ఈ పని వచ్చినవాళ్లకు కొదవ లేదు. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో అంత ఘోరం జరిగాక ఇక్కడ నలుగురు కలిస్తే ఒకటే ప్రశ్న, "విమానం ఎన్నేళ్లదట?" అని. మా బావగారైతే హైదరాబాద్‌కు టికెట్ తీసుకునే ముందు విమానం వయసు వెతుక్కుంటున్నారు. నిజానికి ఆ ప్రమాదానికీ పాత లోహానికీ ముడిపెట్టే మాట ప్రాథమిక నివేదికలో లేదు, అందులో ఉన్నది ఇంధనం స్విచ్‌ల సంగతి. అయినా జనం టెన్షనంతా వయసు మీదే పడింది. అది పడాల్సిన చోటు వేరే ఉందని నా అభిప్రాయం, అందుకే ఈ లేఖ.

లోహానికి ఏళ్లతో పెద్దగా పని లేదండి. విమానం పైకి వెళ్లేకొద్దీ బయట గాలి పలచబడుతుంది, లోపల మనం ఊపిరి పీల్చుకోవాలి కాబట్టి గాలి ఒత్తిడిని నిలబెడతారు. 35 వేల అడుగుల ఎత్తులో ఆ తేడా చదరపు అంగుళానికి సుమారు 8 పౌండ్లు. అంటే ప్రతి చదరపు మీటరు గోడనూ లోపలి నుంచి ఐదున్నర టన్నుల బరువు బయటకు తోస్తున్నట్టు. దిగగానే అది పోతుంది, మళ్లీ ఎగిరితే మళ్లీ వస్తుంది. రాడ్ బెండింగ్ వాళ్లు బైండింగ్ వైరును అటూ ఇటూ వంచి తుంచేస్తారు చూడండి, ఇక్కడా అదే జరుగుతుంది, కాకపోతే వేల సార్లు, కంటికి ఆననంత మెల్లగా. ఒకసారి ఎక్కి దిగితే ఒక సైకిల్. ఢిల్లీ నుంచి అమెరికా పోయే పెద్ద విమానానికి పదిహేను గంటలకు ఒక్క సైకిల్ పడితే, వైజాగ్ హైదరాబాద్ బెంగళూరు అంటూ పొద్దుట్నుంచి రాత్రి దాకా తిరిగే విమానానికి ఆ పదిహేను గంటల్లో అరడజను పడతాయి. కాబట్టి మా బావగారు వెతకాల్సిన అంకె వేరు, అది ఆయనకు ఎక్కడా దొరకదు.

1988 ఏప్రిల్ 28 నాటి అలోహా ఎయిర్‌లైన్స్ సంగతి మీ శాఖలో అందరికీ తెలిసే ఉంటుంది. హవాయి దీవుల మధ్య తిరిగే బోయింగ్ 737, వయసు 19 ఏళ్లు. ఎగిరిన గంటలు 35,496 మాత్రమే, కానీ సైకిళ్లు 89,680. లెక్కేస్తే సగటున 24 నిమిషాలకొక ట్రిప్పు. 24 వేల అడుగుల మీద ముందుభాగం పైకప్పు పద్దెనిమిది అడుగుల పొడవున లేచిపోయింది, నడవాలో నిలబడి ఉన్న ఎయిర్ హోస్టెస్ ఒకావిడ బయటకు కొట్టుకుపోయారు, ఆవిడ మళ్లీ దొరకలేదు. బెల్టులు పెట్టుకుని ఉన్నారు కాబట్టి ప్రయాణికులు బతికారు, పైలట్లు పక్క దీవిలో దించగలిగారు. ఎందుకు లేచిపోయిందంటే, ఆ మోడల్ మొదటి బ్యాచ్ విమానాల్లో రెండు రేకులు ఒకదాని మీద ఒకటి వచ్చే అతుకు దగ్గర వేసిన జిగురు సరిగా పట్టలేదు. సందులోకి తేమ దూరింది, తుప్పు పట్టింది, జిగురు మోయాల్సిన బరువు రివెట్ల మీద, అంటే రేకుల్ని కలిపి బిగించే మేకుల్లాంటి వాటి మీద పడింది. ఒక్కో రివెట్టు రంధ్రం పక్కన ఒక్కో చిన్న పగులు. ఏ ఒక్కటీ విమానాన్ని కూల్చేంత పెద్దది కాదు, కానీ వరసలో పక్కపక్కన ఉన్నవన్నీ ఒకరోజు కలిసిపోయాయి.

అలోహా ప్రమాదం మీద వచ్చిన దర్యాప్తు నివేదికలో నన్ను ఎక్కువగా కదిపినవి రెండు విషయాలు. ఒకటి, ఆ రోజు విమానం ఎక్కుతూ ఒక ప్రయాణికురాలు తలుపు పక్కన రివెట్ల వరస వెంట పగులు చూశారు. చూసి, ఎవరికీ చెప్పకుండా వెళ్లి కూర్చున్నారు. మనమైనా అంతే కదా, "వాళ్లకు తెలీదా ఏంటి" అనుకుంటాం, పైగా చెబితే దింపేస్తారేమోనని భయం. రెండోది, తనిఖీ చేసేవాళ్ల పని ఎలా ఉంటుందో అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ దాచకుండా రాసింది. విమానం వీపు మీదికెక్కి, జారి పడకుండా హ్యాంగర్ (విమానాల షెడ్డు) దూలాలకు కట్టిన తాళ్లు పట్టుకుని, చేతిలో లైటు, ప్రోబు, మీటరు పెట్టుకుని, ఒక రివెట్టు తర్వాత ఇంకో రివెట్టు, వందల కొద్దీ చూసుకుంటూ పోవాలి. అదీ ఎక్కువగా రాత్రి పూట, తెల్లారేసరికి విమానం మళ్లీ ఎగరాలి కాబట్టి. ఆ కంపెనీ మెయింటెనెన్స్ పద్ధతి ఆ అతుకు ఊడటాన్నీ పగుళ్లనూ పట్టుకోలేకపోవడమే కారణమని చివరకు తేల్చారు.

పగులు పట్టుకోవడం ఎలా ఉంటుందో నా పని నుంచి చెబుతాను. మా దగ్గర చవకైనది డై పెనెట్రంట్, అందరూ డీపీ అంటారు. ముందు ఆ చోటు శుభ్రంగా తుడవాలి, గ్రీజు ఉంటే అంతా వృథా. ఎర్రటి ద్రవం కొట్టి, అది సందుల్లోకి దిగేదాకా పది నిమిషాలో పావుగంటో ఆగాలి, ఆగడమే అసలు పని, ఎవరికీ ఓపిక ఉండదు. తర్వాత గుడ్డకు క్లీనర్ పెట్టి పైపైన తుడవాలి, నేరుగా జాయింటు మీద కొడితే సందులో దిగింది కూడా కడుక్కుపోతుంది. ఆపైన తెల్లటి డెవలపర్. అప్పుడు ఆ తెలుపు మీద సన్నగా ఎర్రగీత ఊరుతూ వస్తుంది, వెంట్రుక కంటే సన్నటి పగులైనా సరే. విమానం రేకులకైతే ఎక్కువగా ఎడ్డీ కరెంట్ వాడతారు. పెన్ను లాంటి ప్రోబును రివెట్టు చుట్టూ తిప్పితే, పగులుంటే స్క్రీన్ మీద గీత ఎగురుతుంది, పెయింటు తీయక్కర్లేదు. అల్యూమినియం కాబట్టి మేం స్టీలుకు వాడే మాగ్నెటిక్ పౌడర్ అక్కడ పనికిరాదు. మెషిన్లు ఎన్నున్నా, గీత ఎగిరిందా, లేక చెయ్యి వణికిందా అని తేల్చాల్సింది మాత్రం రాత్రి మూడింటికి నిద్ర ఆపుకుంటూ నిలబడ్డ మనిషే.

ఆ రాత్రి మూడింటి సంగతి నాకు బాగా తెలుసు. ఒకసారి ఒక ప్లాంటును రిపేర్లకు ఆపిన షట్‌డౌన్‌లో (పేరు ఎందుకులెండి) ఇంకా చూడని జాయింట్లకు కూడా రిపోర్టు తయారుచేసి పట్టుకొచ్చారు, సంతకం పెట్టమని. "పాత లైనే కదా, పోయినసారి ఓకే వచ్చిందిగా" అన్నాడు కాంట్రాక్టరు మనిషి. పెట్టనన్నాను. తర్వాతి షట్‌డౌన్‌కు నాకు ఫోను రాలేదు, అంతే జరిగింది. ఇంట్లో ఫీజులు కట్టాల్సిన నెలలో ఎంతమంది పెట్టనంటారు చెప్పండి? నేలమీద పైపుకే ఇంత ఒత్తిడి ఉంటే, గంట లేటైతే రెండొందల మంది గేటు దగ్గర అరుస్తారని తెలిసినచోట ఎంత ఉంటుందో నేను ఊహించగలను. 2025 డిసెంబర్‌లో పైలట్ల డ్యూటీ గంటల మీద దేశమంతా మాట్లాడుకుంది, మంచిదే. హ్యాంగర్‌లో రాత్రి షిఫ్టు చేసే ఇంజనీర్లు, టెక్నీషియన్ల విశ్రాంతి గురించి అందులో సగమైనా మాట్లాడామా?

ఇక వాళ్ల మీద కన్ను వేయాల్సిన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏలోనేమో పోస్టులు సగానికి దగ్గరగా ఖాళీ ఉన్నాయని 2025లో పార్లమెంటు స్థాయీ సంఘమే చెప్పింది. మీరు ఈ శాఖకు రాకముందు నుంచీ ఉన్న జబ్బే అది, ఒప్పుకుంటాను, కానీ ఇప్పుడు కుర్చీలో ఉన్నది మీరు.

సైకిళ్లు లెక్కపెట్టి గడువు ప్రకారం చూస్తే చాలా అంటే, అదీ చాలదు. 2025 నవంబర్ 4న అమెరికాలో లూయీవిల్‌లో ఒక కార్గో విమానం టేకాఫ్ అవుతుండగా ఎడమ ఇంజను రెక్క నుంచి ఊడిపోయింది, విమానం జనం మీద పడింది. 34 ఏళ్ల పాతది. ఇంజనును రెక్కకు పట్టి ఉంచే భాగంలో ఫెటీగ్ పగుళ్లు, అంటే పదేపదే ఒత్తిడి పడి వచ్చే పగుళ్లు, కనిపించాయని ప్రాథమిక నివేదిక చెప్పింది. ఆ భాగాన్ని ప్రత్యేకంగా చూడాల్సిన సైకిళ్ల గడువు ఇంకా చాలా దూరం ఉంది. కాగితం ప్రకారం ఎవరూ ఏ తనిఖీనీ ఎగ్గొట్టలేదన్నమాట. అలాగే పాత రిపేర్లు. 1985లో 520 మందిని బలితీసుకున్న జపాన్ విమానానికి ఏడేళ్ల ముందు తోక నేలకు తగిలినప్పుడు చేసిన రిపేరు తప్పు, వెనక గోడ అక్కడే పగిలింది. 2002లో 225 మందితో గాల్లోనే ముక్కలైన చైనా ఎయిర్‌లైన్స్ విమానానిదీ అదే కథ, 1980లో తోక తగిలితే పైన అతుకు రేకు వేశారు, ఆ రేకు కిందే పగులు 22 ఏళ్లు పెరిగింది. పైనుంచి చూసేవాడికి శుభ్రమైన రేకు కనిపిస్తుంది, కింద ఏముందో రికార్డు తిరగేస్తేనే తెలుస్తుంది. మన దగ్గర విమానాలు ఎక్కువగా లీజువి, ఒక దేశం నుంచి ఇంకో దేశానికి చేతులు మారేవి. ఆ రికార్డులు అట్టపెట్టెల్లో కాకుండా, వెతికితే దొరికేలా ఉన్నాయా అన్నదే నా అనుమానం.

మా ఊరి సంగతి కూడా చెప్పాలి. బీచ్ రోడ్డులో టీయూ-142 విమానం పెట్టారు కదా, 1988 నుంచి 2017 దాకా 29 ఏళ్లు నేవీలో ప్రమాదం లేకుండా ఎగిరింది. జనం దాని ముందు సెల్ఫీలు దిగుతారు, నేను వెళితే పొట్ట కిందికి దూరి రివెట్ల వరసలు చూస్తాను, మా ఆవిడకు విసుగు. పాతదైనంత మాత్రాన విమానం చెడ్డది కాదని చెప్పడానికి అంతకంటే రుజువు ఏం కావాలి, ఎవరో దాన్ని ఓపికగా చూసుకున్నారు. ఇదే ఊళ్లో ఇంకో జ్ఞాపకమూ ఉంది. 2016 జూలై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ బయల్దేరిన వాయుసేన ఏఎన్-32లో 29 మంది ఉంటే, వాళ్లలో ఎనిమిది మంది మా నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. సముద్రంలో 3,400 మీటర్ల లోతున శిథిలాలు 2024 జనవరిలో గానీ బయటపడలేదు. అది మీ శాఖ కాదు, పగుళ్ల వల్ల పడిందని నేను అనడమూ లేదు. కానీ ఏడున్నరేళ్లు "ఎందుకు పోయింది" అని అడుగుతూ కూర్చున్న ఇళ్లు ఇక్కడున్నాయి. తనిఖీ గురించి మేం అడిగితే అతి భయం అని కొట్టిపారేయకండి.

నేను అడిగేవి పెద్దవేం కావు. విమానం రిజిస్ట్రేషన్ నంబరు కొడితే ఎన్ని సైకిళ్లు అయ్యాయో, పెద్ద తనిఖీ చివరిసారి ఎప్పుడైందో ఎవరైనా చూసుకునేలా డీజీసీఏ వెబ్‌సైట్లో పెట్టించండి. పగులు పట్టుకుని విమానాన్ని ఆపిన టెక్నీషియన్‌కు లేటు చేశావన్న మెమో రాకుండా రాతపూర్వకంగా రక్షణ ఇవ్వండి. రాత్రి షిఫ్టులో ఒకే మనిషి ఎన్ని గంటలు ప్రోబు పట్టుకోవచ్చో హద్దు పెట్టి, ఆ హద్దు పాటిస్తున్నారో లేదో చెప్పకుండా వెళ్లి చూసే ఇన్‌స్పెక్టర్లను నియమించండి. కిటికీలోంచి ఏదైనా చూసి చెప్పిన ప్రయాణికుణ్ణి విసుక్కోకూడదని సిబ్బందికి చెప్పించండి, ఇది పైసా ఖర్చు లేని పని.

ఆఖరుగా భోగాపురం. విమానాశ్రయం పక్కన రిపేరు హ్యాంగర్లు, ఎంఆర్‌ఓ అని చాలాకాలంగా వింటున్నాం. అవి వస్తే మా ఉత్తరాంధ్ర పిల్లలకు పని దొరుకుతుంది, సంతోషమే. కానీ అక్కడా ఉప్పుగాలే. మా ఊళ్లో సముద్రం పక్కనున్న లాసన్స్ బేలో కిటికీ గ్రిల్స్, ఏసీ ఔట్‌డోర్ యూనిట్లు ఎన్నాళ్లుంటాయో ఎవర్నడిగినా చెబుతారు. రాత్రంతా ఆరుబయట నిలిపి ఉంచే విమానాలను మంచినీళ్లతో కడగడం, అతుకుల్లో తుప్పు కోసం వెతకడం మిగతా ఊళ్లకంటే ముందే, ఎక్కువసార్లు జరగాలి. దానికి మనుషుల్ని ఢిల్లీ నుంచి తేనక్కర్లేదు. డాక్‌యార్డులో, స్టీల్ ప్లాంటులో రిటైరైన ఎన్‌డీటీ లెవెల్ టూ, లెవెల్ త్రీ (పై స్థాయి) సర్టిఫికెట్లున్న వాళ్లు గాజువాకలో, మల్కాపురంలో ఇంటికొకరున్నారు. విమానాల రేకులు వేరు, వాటి సర్టిఫికెట్లు వేరు, నిజమే, నేర్పితే వాళ్లు నేర్చుకుంటారు, ఐటీఐ కుర్రాళ్లకు నేర్పుతారు కూడా. అక్కడ ఎడ్డీ కరెంట్ శిక్షణ కేంద్రం పెడతారా, పెడితే ఎప్పుడు పెడతారు? "పరిశీలనలో ఉంది" అనే జవాబు వద్దు సార్. పెట్టే ఉద్దేశం లేకపోతే అదైనా చెప్పండి.

ఇట్లు,
గాజువాక నుంచి ఒక ఎన్‌డీటీ టెక్నీషియన్