క్రాస్ ఫెల్‌కు బయలుదేరే ముందు

చిరంజీవి సుధకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేమందరం క్షేమం. నీ గొంతు విని పన్నెండు రోజులయింది. పరీక్షల హడావిడి అనుకుని ఊరుకున్నాను కానీ, నీతో రావలసిన అమ్మాయి మానుకున్నదనీ, నువ్వు ఒక్కతెవే ఇంగ్లండులోని ఆ క్రాస్ ఫెల్ కొండకు వెళుతున్నావనీ రవి అన్నాడట. సరళత్త ఆ మాట మీ అమ్మ చెవిన వేసి వెళ్లింది. దాని సంగతి తరువాత అడుగుతాను.

నువ్వు పంపిన పటాన్ని పెద్ద కాగితం మీద అచ్చు తీయించి, కొండ కింది కిర్క్‌లాండ్ ఊరి నుంచి గ్రెగ్స్ హట్ అనే గుడిసె మీదుగా శిఖరానికీ, అక్కడి నుంచి తిరిగి ఊళ్లోకీ దారి వంపుల వెంట తెల్లదారం పరిచి కొలిచాను. దాదాపు 15 కిలోమీటర్లు వచ్చింది. ఎక్కవలసిన ఎత్తు 700 మీటర్లు. 1892లో నైస్మిత్ అనే స్కాట్లండు పర్వతారోహకుడు చెప్పిన లెక్క ప్రకారం 5 కిలోమీటర్లకు ఒక గంట, 600 మీటర్ల ఎత్తుకు మరో గంట చొప్పున నాలుగు గంటల పైచిలుకు పడుతుంది. అందులో బురద లేదు, ఎదురుగాలి లేదు, తిండికి కూర్చున్న సమయమూ లేదు కనుక ఆరు గంటలు వేసుకో. నవంబరు నెలాఖరున అక్కడ నాలుగు కాకముందే పొద్దు గూకుతుంది. తొమ్మిదింటికల్లా నడక మొదలుపెట్టాలి. పన్నెండున్నరకు శిఖరం అందకపోతే ఉన్నచోటి నుంచే వెనక్కి తిరగాలి.

893 మీటర్లే కదా, మన తిరుమల కొండంతేనని అన్నావు. అమ్మా, అలిపిరి దారికి 3550 మెట్లున్నాయి, దీపాలున్నాయి, ముందూ వెనకా గోవింద నామం పలికే జనం ఉన్నారు. క్రాస్ ఫెల్ నెత్తి బల్లపరుపు. మబ్బు దిగితే నాలుగు దిక్కులూ ఒకేలా కనిపిస్తాయి. పైగా ఈశాన్యపు గాలి ఆ కొండ దాటి పడమటి వాలు మీదికి, అంటే కిర్క్‌లాండ్ వైపే, విరుచుకుపడుతుంది. దానికి హెల్మ్ అని పేరే ఉంది. కొండ కొమ్మున తెల్లమబ్బు కదలకుండా కూర్చుని కనిపిస్తే ఆ రోజుకు ఎక్కవద్దు.

1986 కార్తీకంలో నేనూ చిన్న మామయ్యా అహోబిలంలో ఉగ్రస్తంభం చూసి దిగుతుంటే పొగమంచు కమ్మింది. ఇదే దారి అన్నాడు మామయ్య. నేనూ సరేనన్నాను. గంటసేపు దిగాక కాలి కింద రాయి జారి పడింది. అది ఎంతకీ నేలను తాకిన చప్పుడు కాలేదు. నేను వాడి చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. ఒక బండకు వీపులు ఆనించి, ఒకే తువ్వాలు ఇద్దరం కప్పుకుని, ఎక్కడో భవనాశి పారుతున్న చప్పుడు వింటూ తెల్లవార్లూ కూర్చున్నాం. తెల్లవారి చూస్తే అసలు దారి మా తలల పైన యాభై అడుగుల దూరంలో ఉంది. కింద సత్రంలో మీ అమ్మ ఉన్నా, ఏ దారిన వెళ్లామో, ఎప్పటికి వస్తామో చెప్పి వెళ్లలేదు కనుక ఎవరిని ఎటు పంపాలో ఆమెకు తెలియలేదు.

ఆ రాత్రి ఇద్దరం ఉన్నాం. అందుకే అడుగుతున్నాను, నీతో ఎవరు వస్తున్నారు? ఎవరూ లేకపోతే వసంతం దాకా ఆగు, పొద్దు పెరుగుతుంది. వెళ్లక తప్పదంటే కాగితపు పటం, దిక్సూచి, తలకు కట్టుకునే దీపం, ఈల పెట్టుకో. ఆపద వస్తే నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి మళ్లీ ఊదాలి. ఫోను అందితే 999కి చేసి, పోలీసులను అడిగి, మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పాలి. నూలు బట్టలు వద్దు, తడిస్తే ఒంటి వేడి లాగేస్తాయి. మీ అమ్మ అల్లిన ఉన్ని టోపీ పెట్టె అడుగున ఉంటుంది, తీసి ఉంచు.

కిందికి దిగగానే ఒక్క ముక్క పంపు. అక్కడ నాలుగైతే మాకు రాత్రి తొమ్మిదిన్నర. నేను మేలుకునే ఉంటాను.

నాన్న