పిల్లల కారు సీట్లను ఇకపై అద్దెకు ఇవ్వము

ఈ నెలాఖరుతో మా దుకాణంలో పిల్లల కారు సీట్లను అద్దెకు ఇవ్వడం మానేస్తున్నాము. ఇప్పటికే తీసుకువెళ్లినవారు గడువు పూర్తయ్యేదాకా వాడుకోవచ్చు. డిపాజిట్టు పూర్తిగా తిరిగి ఇస్తాము. కొత్త సీట్లు అమ్ముకోవడానికే అద్దె ఆపేశామన్న మాట మా చెవిన పడింది కాబట్టి, జరిగినదేమిటో చెప్పక తప్పడం లేదు.

చాలాకాలంగా మాకు సరుకు ఇస్తున్న ఒక సరఫరాదారు ఈసారి కొత్తవంటూ పంపిన సీట్లను విప్పితే, ప్రమాణాల ఆమోదం తెలిపే లేబులు ఉండవలసిన చోట జిగురు మరక మాత్రమే ఉంది. గుడ్డ తీసి సీటును తిరగేశాము. అడుగున ప్లాస్టిక్‌లోనే అచ్చుపోసిన నాణెమంత చక్రం ఉంటుంది. దాని చుట్టూ నెలల అంకెలు, నడుమ సంవత్సరం, తయారైన నెలవైపు తిరిగిన బాణం ఉంటాయి. అట్టపెట్టె మీది తేదీకీ ఆ చక్రానికీ ఏళ్ల తేడా ఉంది. ఒక సీటులో బెల్టు దూరే చోట ప్లాస్టిక్ తెల్లబారి సన్నగా చీలింది. ఫోన్ చేసి అడిగితే, "గుడ్డ కింద ఎవరు చూస్తారండీ?" అన్నారు. చూస్తామనే కదా మీరు మా దగ్గరికి వస్తున్నది! సరుకంతా వెనక్కి పంపేశాము, కానీ ఆ మాట ఇంకా మింగుడుపడలేదు.

సరఫరాదారును మార్చడం పెద్ద పని కాదు. అద్దె విషయమే మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. ఒక మోస్తరు ప్రమాదానికి గురైన సీటును, పైకి ఏమీ కనబడకపోయినా, మళ్లీ వాడకూడదు. బ్లీచింగ్‌తో ఉతికిన పట్టీలు బలహీనపడతాయి. చేతులు మారే సీటుకు ఇవన్నీ జరిగాయో లేదో మేము ఏ విధంగానూ తేల్చలేము. మరోవైపు, మనవడు వారం రోజులు ఉండడానికి వస్తున్నాడని అద్దెకు తీసుకునే పెద్దవారు ఉన్నారు. సీటు దొరకకపోతే బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుంటారు. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో కారు దేనినైనా ఢీకొంటే, పది కిలోల బిడ్డను ఆపాలంటే వందల కిలోల బరువును పట్టుకున్నంత బలం కావాలి. ఈ రెండింటి మధ్య ఎంతో నలిగాక, మేము పూచీ పడలేని వస్తువును ఇవ్వకూడదనే నిర్ణయించుకున్నాము.

అందుకు బదులుగా, మీరు ఎక్కడ కొన్న సీటునైనా మీ కారులో ఉచితంగా బిగించి చూపిస్తాము. బెల్టు దూరే చోట పట్టుకుని ఊపితే సీటు రెండున్నర సెంటీమీటర్లకు మించి కదలకూడదు. భుజం దగ్గర పట్టీ వేళ్ల మధ్య మడత పడకూడదు. పక్క వీధికే కదా అని వదులుగా వేసే పట్టీలే మాకు ఎక్కువగా కనిపిస్తున్నాయి. పనిచేసే ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీటులో, వెనకవైపు తిరిగి ఉండే సీటును మాత్రం ఎంత బతిమాలినా బిగించము.

మీ అక్కగారింట్లోనో అన్నగారింట్లోనో వాడిన సీటు ఉండి, దానికి ఏ ప్రమాదమూ జరగలేదని వారే చెప్పగలిగితే, అదీ తీసుకురండి. గడువు తేదీ, లేబులు, పట్టీలు మీ ఎదుటే చూస్తాము. బాగుంటే, కొత్తది కొనవద్దని మేమే చెబుతాము.